పిల్లల సహాయ సంస్థలో ప్రైవేటు రంగ భాగస్వామ్యాల ఇంటర్న్‌షిప్: దరఖాస్తు నుంచి అప్పగింత దాకా

నెల్లూరులోని విక్రమ సింహపురి, ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాల పరిధిలో ఎంబీఏ, ఎంఎస్‌డబ్ల్యూ, బీకాం చదువుతున్నవారు పదేపదే అడుగుతున్న ప్రశ్నకు ఇది జవాబు. పిల్లల కోసం పనిచేసే సంస్థలో, కంపెనీలతో భాగస్వామ్యాలు చూసే విభాగంలో ఇంటర్న్‌గా చేరాలంటే ఏం సిద్ధం చేసుకోవాలో, చేరాక ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాతో వరుసగా రాస్తున్నాను.

ఈ పని అంటే విరాళాలు అడగడమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి అడగడం ఇందులో చిన్న భాగం. ఏ కంపెనీ డబ్బు తీసుకోవచ్చు, ఆ డబ్బు ఏ పిల్లల ఏ అవసరానికి సరిపోతుంది, వచ్చిన సొమ్ము ఎక్కడ ఖర్చయిందో చూపే కాగితం మన దగ్గర ఉందా అన్న మూడు ప్రశ్నల చుట్టూనే మీ రోజులు గడుస్తాయి. వీటిలో ఏ ఒక్కటి గాడి తప్పినా ఇబ్బంది పడేది కంపెనీ కాదు, మీరూ కాదు, పిల్లలు.

1. దరఖాస్తుకు ముందు సిద్ధం కావలసినవి

కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి. యునిసెఫ్ వంటి అంతర్జాతీయ సంస్థలు ఇంటర్న్‌షిప్ ప్రకటనలను తమ సొంత ఉద్యోగాల పేజీలోనే ఇస్తాయి. ఆంధ్రప్రదేశ్ పనులను యునిసెఫ్ హైదరాబాద్ కార్యాలయం చూస్తుంది. జిల్లా స్థాయి స్వచ్ఛంద సంస్థలు మాత్రం చాలాసార్లు ప్రకటన ఇవ్వవు కాబట్టి, నేరుగా లేఖ రాసి అడగవలసిందే.

దరఖాస్తుకైనా, శిక్షణకైనా, ఇంటర్వ్యూకైనా ఐక్యరాజ్యసమితి సంస్థలు ఏ దశలోనూ రుసుము తీసుకోవు. "రిజిస్ట్రేషన్ ఫీజు కడితే సీటు ఖాయం" అని ఫోను వస్తే అది మోసమే.

లేఖ పంపేముందు సరిచూసుకోవలసినవి:

• ఒకటిన్నర పేజీ మించని రెజ్యూమె. చేసిన పనిని ఫలితంతో కలిపి రాయాలి.
• ఎక్సెల్‌లో వడపోత, కూడికలు, వరుస క్రమం చేయగల నేర్పు. అందమైన స్లయిడ్ల కంటే ఇదే ఎక్కువ ఉపయోగపడుతుంది.
• తెలుగులో ఒక పేజీ, ఇంగ్లీషులో ఒక పేజీ రాత నమూనా. పంచాయతీలో, బడిలో మాట్లాడేది తెలుగు. కంపెనీ బోర్డుకు వెళ్లే కాగితం ఇంగ్లీషు. రెండూ మీ చేతి మీదుగానే వెళ్తాయి.
• కళాశాల నుంచి అనుమతి పత్రం, ఇద్దరు అధ్యాపకుల పేర్లు.
• పోలీసు ధ్రువీకరణ పత్రం. పిల్లలతో సంబంధమున్న పనికి మంచి సంస్థలు దీన్ని అడుగుతాయి, అడగాలి కూడా. మీసేవలో ముందుగా దరఖాస్తు చేసుకుంటే చేరే రోజు తొందర ఉండదు.

భత్యం ఎంత, ప్రయాణ ఖర్చు ఎవరిది అన్నది చేరేముందే రాతపూర్వకంగా అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

2. దరఖాస్తు లేఖ, ఇంటర్వ్యూ

"నాకు పిల్లలంటే ఇష్టం, సేవ చేయాలని ఉంది" అని మొదలయ్యే లేఖలు కట్టలుగా వస్తాయి. దాని బదులు మీ ప్రాంతపు సంగతి ఒకటి రాయండి. తీరంలో రొయ్యల చెరువుల కాపలాకు వెళ్లే కుటుంబాల పిల్లలు పంట కాలంలో బడికి దూరమవుతారనో, పడమటి మండలాల నుంచి వలస వెళ్లిన కుటుంబాల పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉండి చదువుతారనో మీకు తెలిసి ఉంటే, అక్కడ ఏ కంపెనీ ఏ విధంగా తోడ్పడగలదని మీరనుకుంటున్నారో నాలుగు వాక్యాల్లో చెప్పండి.

ఇంటర్వ్యూలో దాదాపు తప్పక వచ్చే ప్రశ్న ఒకటుంది: "ఒక కంపెనీ పెద్ద మొత్తం ఇస్తానంటోంది, కానీ పిల్లలతో బ్యానర్ పట్టించి ఫొటో కావాలంటోంది. ఏం చేస్తారు?" తెలివైన జవాబు కోసం వెతక్కండి. సంస్థ బాలల పరిరక్షణ విధానం ఏం చెబుతుందో చూస్తానని, నా అంతట నేను ఒప్పుకోనని, పై అధికారికి చెప్పి కంపెనీకి మరో మార్గం చూపిస్తానని చెప్పండి. ఆ వరుసే సరైనది.

3. మొదటి వారం: రెండు ఫైళ్లు చదవండి, ఎవరికీ ఫోను చేయకండి

మొదటి ఫైలు సంస్థ పత్రాలది. కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) డబ్బు తీసుకుని పని చేయాలంటే సంస్థకు కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వద్ద సీఎస్ఆర్-1 ఫారం ద్వారా నమోదు ఉండాలి. ఈ నిబంధన 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. దీనితోపాటు ఇవి ఎక్కడున్నాయో తెలుసుకోండి:

• ట్రస్టు దస్తావేజు లేదా సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రం
• ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను మినహాయింపు) నమోదు పత్రాలు, వాటి గడువు తేదీలు
• సంస్థ పాన్ కార్డు, రద్దు చేసిన చెక్కు
• స్వచ్ఛంద సంస్థల కోసం నీతి ఆయోగ్ నడిపే ఎన్‌జీఓ దర్పణ్ పోర్టల్ నమోదు సంఖ్య
• గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు, వార్షిక నివేదికలు
• విదేశీ విరాళాలు తీసుకునే సంస్థ అయితే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి

విదేశీ డబ్బు మాట వచ్చిన ప్రతిసారీ నేరుగా అకౌంట్స్ విభాగానికి పంపేయండి. అందులో ఇంటర్న్ సొంతంగా తీసుకునే నిర్ణయం ఒక్కటీ లేదు.

రెండో ఫైలు బాలల పరిరక్షణ విధానం. దాన్ని చదివి సంతకం పెట్టి ఊరుకోవడం కాదు, మూడు విషయాలు నోటికి వచ్చేలా తెలుసుకోవాలి: పిల్లలకు ఏదైనా హాని జరుగుతోందని తెలిస్తే సంస్థలో ఎవరికి చెప్పాలి, బయట ఎవరికి చెప్పాలి, ఎంత సమయంలో చెప్పాలి. పిల్లల సహాయ నంబరు 1098. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ప్రతి ఒక్కరి బాధ్యత. "నేను ఇంటర్న్‌నే కదా" అన్న మినహాయింపు చట్టంలో లేదు.

4. కంపెనీల జాబితా తయారీ

ఎక్కువ సమయం పెట్టవలసిన పని ఇదే, సాధారణంగా తొందరపడేది కూడా ఇక్కడే.

ముందు ఎవరికి సీఎస్ఆర్ వర్తిస్తుందో తెలుసుకోవాలి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్ల రూపాయలు అన్న మూడు హద్దుల్లో ఏ ఒక్కదాన్ని చేరినా, ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత పనులకు ఖర్చు చేయాలి.

ఉదాహరణకు ఒక కంపెనీకి వరుసగా 4, 6, 8 కోట్ల లాభం వచ్చిందనుకుందాం. సగటు 6 కోట్లు, అందులో 2 శాతం 12 లక్షల రూపాయలు. ఆ కంపెనీ ముందు 40 లక్షల ప్రతిపాదన పెడితే వాళ్ల సమయం, మీ సమయం రెండూ వృథా. లెక్కలో వాడే నికర లాభం చట్టంలోని 198వ సెక్షన్ ప్రకారం వేసేది కాబట్టి, మీ అంచనా ఉజ్జాయింపు మాత్రమేనని షీటులో రాసి పెట్టండి. వార్షిక నివేదికలోని సీఎస్ఆర్ అనుబంధంలో అసలు అంకె దొరుకుతుంది. చేయవలసిన ఖర్చు 50 లక్షలు మించకపోతే ప్రత్యేక సీఎస్ఆర్ కమిటీ అక్కరలేదు, డైరెక్టర్ల బోర్డే నిర్ణయిస్తుంది. అలాంటి చోట మీ కాగితం ఎవరి చేతికి చేరాలో దీన్ని బట్టే తెలుస్తుంది.

ఇక మన ప్రాంతం సంగతి. కృష్ణపట్నం ఓడరేవు, ముత్తుకూరు చుట్టుపక్కల విద్యుత్ కేంద్రాలు, వంటనూనె శుద్ధి కర్మాగారాలు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు తీరంలో రొయ్యల చెరువులు, వాటి వెనక మేత, ప్రాసెసింగ్ కంపెనీలు, చీమకుర్తిలో గ్రానైట్, ఒంగోలు, టంగుటూరు, కొండపి వైపు పొగాకు. ఇవన్నీ ఒకే రకం వ్యాపారాలు కావు. ఓడరేవు చుట్టూ ఉన్న పెద్ద పరిశ్రమల్లో చాలావాటి ప్రధాన కార్యాలయాలు వేరే నగరాల్లో ఉంటాయి; ఇక్కడి హెచ్‌ఆర్ అధికారి సిఫారసు చేయగలరు తప్ప మంజూరు చేయలేరు. చీమకుర్తిలో చాలా యూనిట్లు, నెల్లూరులో చాలా బియ్యం మిల్లులు భాగస్వామ్య (పార్ట్‌నర్‌షిప్) సంస్థలుగానో, సొంత వ్యాపారాలుగానో నడుస్తాయి. వాటికి 135వ సెక్షన్ వర్తించదు. వాళ్లతో సీఎస్ఆర్ అన్న మాట ఎత్తితే అయోమయపడతారు. యజమాని సొంత ఊరి బడి గురించి, 80జీ రశీదు గురించి మాట్లాడితే చెవి ఒగ్గి వింటారు. నగదుగా 2,000 రూపాయలకు మించి ఇస్తే ఆ పన్ను మినహాయింపు రాదని కూడా ముందే చెప్పాలి.

జాబితా తయారు చేసే క్రమం:

• కంపెనీ చట్టబద్ధమైన పూర్తి పేరును కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో సరిచూడండి. గేటు మీది పేరు, రిజిస్టరైన పేరు తరచుగా వేరువేరుగా ఉంటాయి.
• జాతీయ సీఎస్ఆర్ పోర్టల్‌లో ఆ కంపెనీ ఏ రాష్ట్రంలో, ఏ జిల్లాలో, ఏ రంగంలో ఖర్చు చేసిందో చూడండి.
• వార్షిక నివేదికలో ఎవరి ద్వారా పని చేయించిందో చూడండి. వరుసగా మూడేళ్లు సొంత ఫౌండేషన్‌కే ఇస్తుంటే దాన్ని జాబితా అడుగుకు దించండి.
• కంపెనీ పనిచేసే చోటికి, మన పిల్లలున్న చోటికి మధ్య దూరం రాయండి. తమ కార్యకలాపాలున్న స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. మీ ప్రతిపాదనకు ఇది బలం.
• నిర్ణయం తీసుకునేవారి హోదా రాయండి. వ్యక్తిగత ఫోను నంబర్లను వాళ్లు ఇస్తే తప్ప షీటులో ఎక్కించకండి.

వంద పేర్ల జాబితా ఎవరికీ పనికిరాదు. పూర్తిగా చదివి రాసిన పదిహేను పేర్లు ఆరు నెలల పనికి సరిపోతాయి.

5. వద్దనవలసిన డబ్బు

ఇచ్చేవాళ్లే తక్కువైన చోట వద్దనడం ఏమిటని అడుగుతారు. పిల్లల పేరు మీద పనిచేసే సంస్థకు ఈ పరీక్ష తప్పదు. దీన్ని మొదటి ఫోనుకు ముందే పూర్తి చేయాలి, ఎందుకంటే కలిసి టీ తాగాక వద్దనడం చాలా కష్టం.

శిశువుల డబ్బా పాలపొడి, పాలసీసాలు, శిశు ఆహారాలు తయారుచేసే కంపెనీల విషయంలో మన దేశంలో 1992 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. తల్లిపాలకు బదులు వాడే వాటి ప్రచారాన్ని అది నిషేధిస్తుంది. పౌష్టికాహారం మీద పనిచేసే సంస్థ వాళ్ల నుంచి ఏ రూపంలోనూ తోడ్పాటు తీసుకోకూడదు.

పొగాకు ప్రశ్న ఒంగోలు ప్రాంతంలో సున్నితమైనది. ఇక్కడ పొగాకు వేలం కేంద్రం చుట్టూ ఊళ్లకు ఊళ్లే బతుకుతున్నాయి, రైతు బిడ్డల చదువు ఆ పంట మీదే సాగుతోంది. సిగరెట్ తయారీ కంపెనీ వేరు, పంట పండించే రైతు వేరు అన్న తేడాను గుర్తుపెట్టుకోండి. పొగాకు ఉత్పత్తుల తయారీదారుల డబ్బు తీసుకోరాదని అనేక బాలల సంస్థల విధానాల్లో స్పష్టంగా ఉంటుంది. మీ సంస్థ విధానం ఏమిటో చదివి అదే పాటించండి. రైతు కుటుంబాలతో మాట్లాడేటప్పుడు ఆ పంటను తక్కువ చేసే మాట ఒక్కటీ రాకూడదు.

మూడోది బాల కార్మికులు. 14 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం, 14 నుంచి 18 ఏళ్ల వారిని ప్రమాదకర పనుల్లో పెట్టడం 2016 సవరణ తర్వాత చట్టం నిషేధించింది. కంపెనీ గేటు లోపల పిల్లలు లేకపోవచ్చు. సరుకు పంపే చెరువు దగ్గర, కాంట్రాక్టరు షెడ్డులో ఉన్నారా అన్నదే అసలు ప్రశ్న. యునిసెఫ్, ఐక్యరాజ్యసమితి గ్లోబల్ కాంపాక్ట్, సేవ్ ది చిల్డ్రన్ కలిసి 2012లో విడుదల చేసిన బాలల హక్కులు–వ్యాపార సూత్రాలు పదింటిని ఒకసారి చదివితే, అడగవలసిన ప్రశ్నలు వాటంతట అవే తడతాయి.

ఇంకో చిక్కు. ఆడవాళ్లు ఎక్కువగా పనిచేసే రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు ఒకటి, తమ కార్మికుల పసిపిల్లల కోసం శిశు సంరక్షణ కేంద్రం పెట్టి దాన్ని సీఎస్ఆర్‌గా చూపుతామని మీ సంస్థ సాయం కోరిందనుకోండి. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న చోట అది చట్టప్రకారం పెట్టవలసినదే. చట్టబద్ధ బాధ్యతను నెరవేర్చే ఖర్చు సీఎస్ఆర్ కిందికి రాదు. ఆ కేంద్రం ఎలా నడపాలో సలహా ఇవ్వండి, అది పిల్లలకు మేలే. కాని దాన్ని దానంగా చూపే ప్రకటనలో మీ సంస్థ పేరు ఉండకూడదు.

6. అవసరాన్ని చూసి రాయడం

ప్రతిపాదన కార్యాలయంలో పుట్టకూడదు. బడికి వెళ్లేముందు మండల విద్యాశాఖాధికారికి, ప్రధానోపాధ్యాయులకు, అంగన్‌వాడీ అయితే ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే ప్రభుత్వ పథకం) అధికారులకు సంస్థ లెటర్‌హెడ్ మీద సమాచారం ఇచ్చి అనుమతి తీసుకోండి. ఒంటరిగా వెళ్లవద్దు.

తీరప్రాంతంలో బాలికలు చదివే ఒక ఉన్నత పాఠశాలకు వెళ్లారనుకుందాం. "డిజిటల్ తరగతి గది కావాలి" అని మొదట అంటారు, ఎందుకంటే వచ్చే కంపెనీలు అదే ఇస్తాయని వాళ్లకు తెలుసు. కాదనకుండా రాసుకోండి. తర్వాత మరుగుదొడ్డి వైపు నడవండి. గోడకు కొత్త రంగు ఉంటుంది. తలుపు లోపలి గొళ్లెం ఊడిపోయి, ఆ చోట రెండు మేకు రంధ్రాలు మిగిలి ఉంటాయి. పైన ట్యాంకు ఉంటుంది, దాని నుంచి కిందికి రావలసిన పైపు ఉండదు. మూత ఉన్న చెత్తబుట్ట ఉండదు. పెద్ద తరగతి అమ్మాయిలు నెలలో కొన్ని రోజులు బడికి ఎందుకు రావడం లేదో హాజరు పట్టీ కంటే ఆ మేకు రంధ్రాలు స్పష్టంగా చెబుతాయి. ఈ వివరాన్ని ఉన్నదున్నట్టు రాస్తే, చదివే అధికారికి మరో విశేషణం అక్కరలేదు.

అడిగి రాయవలసినవి:

• ఎంతమంది పిల్లలు, అందులో అమ్మాయిలు ఎందరు, దివ్యాంగులు ఎందరు
• ప్రభుత్వ పథకం కింద ఇప్పటికే ఏం మంజూరైంది, ఏం రావలసి ఉంది
• ఇంతకుముందు ఏ కంపెనీ ఏం ఇచ్చింది, అది ఇప్పుడు పనిచేస్తోందా
• ఇచ్చిన వస్తువు చెడితే ఎవరు బాగుచేయిస్తారు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

చివరి ప్రశ్నను వదలకండి. నీటిలో ఫ్లోరైడ్ బాధ ఉన్న కనిగిరి వైపు శుద్ధ నీటి ప్లాంటు ఇస్తామనే దాతలు దొరుకుతారు. ఫిల్టర్ మార్చే ఖర్చు, కరెంటు బిల్లు, నడిపే మనిషి జీతం రెండో ఏడాది ఎవరివో రాయని ప్రాజెక్టు ఎండాకాలానికి మూతపడుతుంది.

యానాది కాలనీల వంటి చోట్ల తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు సర్వే కాగితం ముందు పెట్టకుండా, "ఏమ్మా, పిల్లలు బడికి పోతున్నారా, దారి ఎట్టా ఉంది" అని మొదలుపెట్టండి. ఆధార్ లేదనో, కులధ్రువీకరణ పత్రం రాలేదనో ఏళ్లుగా చెప్పుకునే మనిషి లేక ఆగిపోయిన సంగతులు అప్పుడే బయటికి వస్తాయి. వాటికి కంపెనీ డబ్బు అక్కరలేదు, మండల కార్యాలయానికి తోడు వెళ్లే మనిషి చాలు. దాన్ని ప్రతిపాదనలో ఇరికించకుండా మీ సంస్థ క్షేత్ర సిబ్బందికి అప్పగించండి.

7. ప్రతిపాదన రాయడం

మూడు పేజీలు చాలు. వరుస ఇది: ఎక్కడ, ఎవరికి, ఏ లోటు, ఏం చేస్తాం, ఎన్ని నెలల్లో, ఎంత ఖర్చు, ఏ గుర్తు చూసి పని జరిగిందంటాం, కంపెనీ పాత్ర ఏమిటి, పని అయ్యాక ఎవరు కొనసాగిస్తారు. కంపెనీల చట్టంలో సీఎస్ఆర్ కింద చేయదగిన పనుల జాబితా అయిన 7వ షెడ్యూలులో ఏ అంశం కిందికి ఈ పని వస్తుందో ఒక వాక్యంలో రాయండి. కంపెనీ సెక్రటరీ మొదట వెతికేది అదే.

బడ్జెట్‌లో ఒకసారి పెట్టే ఖర్చును, నెలనెలా వచ్చే ఖర్చును వేరువేరుగా చూపండి. కొటేషన్లు కనీసం మూడు తీసుకోండి.

కంపెనీ వాళ్లు తరచుగా "పరిపాలన ఖర్చు 5 శాతం దాటకూడదు కదా, మీ టీచర్ల జీతాలు ఎందుకు పెట్టారు" అంటారు. ఆ 5 శాతం హద్దు కంపెనీ తన సీఎస్ఆర్ వ్యవస్థను నడపడానికి పెట్టే సాధారణ పరిపాలన ఖర్చుకు సంబంధించినది. ప్రాజెక్టులో నేరుగా పనిచేసేవారి జీతం ప్రాజెక్టు ఖర్చే. ఈ మాటను మర్యాదగా, నిబంధన చూపించి చెప్పడం నేర్చుకోండి. లేకపోతే జీతాలు తీసేసి కంప్యూటర్లు మాత్రమే మిగిలిన బడ్జెట్ చేతికి వస్తుంది, కంప్యూటర్లు బీరువాలో ఉండిపోతాయి.

కొన్ని కంపెనీలు తమ సొంత ఉత్పత్తులనే ఇచ్చి, వాటికి వెల కట్టి సీఎస్ఆర్ ఖర్చుగా చూపాలనుకుంటాయి. అలా వెల కట్టి చూపడం కుదరదని మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. సీఎస్ఆర్ డబ్బుతో కొన్న శాశ్వత ఆస్తి కంపెనీ పేరున ఉండరాదు కాబట్టి, బడికి ఇచ్చే యంత్రం ఎవరి పేరున నమోదవుతుందో ప్రతిపాదనలోనే రాయాలి.

ఎప్పుడు పంపాలన్నది కూడా ముఖ్యం. ఆర్థిక సంవత్సరం మొదట్లో, వార్షిక కార్యాచరణ ప్రణాళిక తయారయ్యే సమయానికి కాగితం వాళ్ల బల్ల మీద ఉండాలి. జనవరి నుంచి మార్చి వరకు ఖర్చు కాని డబ్బుతో హడావుడిగా వచ్చే కంపెనీలుంటాయి. అప్పుడు చేతిలో సిద్ధంగా ఉన్న చిన్న ప్రాజెక్టులే ఇవ్వండి, కొత్తవి అల్లవద్దు. ఏళ్ల తరబడి సాగే ప్రాజెక్టుకైతే మిగిలిన సొమ్మును ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో కంపెనీ ప్రత్యేక ఖాతాలో వేసి మూడేళ్లలో ఖర్చు చేసే వీలుంది. మార్చి తొందరను తగ్గించడానికి ఈ సంగతి గుర్తుచేయడం మంచిది.

8. మొదటి ఫోను, మొదటి భేటీ

ఫోనులో డబ్బు అడగకండి. ఇలా మాట్లాడితే చాలు: "నమస్కారమండి. నేను ఫలానా సంస్థలో భాగస్వామ్యాల విభాగంలో ఇంటర్న్‌గా పనిచేస్తున్నాను. మీ కంపెనీ ముత్తుకూరు మండలంలో బడులకు ఖర్చు చేసినట్టు మీ వార్షిక నివేదికలో చూశాను. ఆ విషయాలు చూసేవారెవరో చెబితే వారికి మెయిల్ పంపుతానండి." పేరు చెప్పగానే ధన్యవాదాలు చెప్పి పెట్టేయండి. అదే రోజు మెయిల్ వెళ్లాలి.

భేటీకి మీ పై అధికారితోనే వెళ్లండి. మీ పని రాసుకోవడం. కంపెనీ మనిషి ఏ మాట దగ్గర ఆగారు, ఏ ప్రశ్న రెండుసార్లు అడిగారు అన్నది మీటింగ్ మినిట్స్‌లో ఉండాలి. "చూద్దాంలెండి" అంటే మన దగ్గర చాలావరకు కాదనే అర్థం. అయినా ఒక్కసారి మెయిల్‌లో అడిగి, జవాబు రాకపోతే మూడు నెలలు ఆగండి. వెంటపడటం వల్ల తలుపు శాశ్వతంగా మూసుకుంటుంది.

9. కంపెనీ వాళ్లు పిల్లలను చూడటానికి వస్తామంటే

వచ్చేవారి పేర్లు ముందే తీసుకోండి. ఏ సందర్శకుడూ పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు, ఫోను నంబర్లు మార్చుకోకూడదు, విడిగా కానుకలు ఇవ్వకూడదు. పాఠం ఆపి పిల్లలను ఎండలో వరుసలో నిలబెట్టడం, దండలు వేయించడం, కృతజ్ఞతలు చెప్పించడం వద్దు. ఏం చూపించాలన్నది ముందే ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి గంటలోపు ముగించండి.

ఫొటోల విషయంలో కంపెనీల కోరిక, పిల్లల రక్షణ నేరుగా ఢీకొంటాయి. సంరక్షణ అవసరమైన బాలలు, చట్టంతో ఘర్షణ పడిన (నేరారోపణ ఉన్న) బాలలు, నేరానికి గురైన లేదా సాక్షులైన బాలల పేరు, చిరునామా, బడి, ఫొటో బయటపెట్టడాన్ని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బాలల గృహంలో ముఖం కనిపించే ఫొటో తీయనే కూడదు. సాధారణ బడిలో కూడా తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి, బిడ్డ ఇష్టం రెండూ ఉండాలి.

ఒక ఫొటోను దగ్గరగా చూడండి. ముఖం మసకబార్చారు, బాగుంది. కాని చొక్కా జేబు మీద బడి బ్యాడ్జీ ఉంది, వెనక గోడ మీద ఊరి పేరు ఉంది, కింద మూలన ఫోను యాప్ వేసిన అక్షాంశ రేఖాంశాలు, సమయం ఉన్నాయి. ఆ బిడ్డను వెతికి పట్టుకోవడానికి ఇంకేం కావాలి? కంపెనీలు ఇలా చోటు, సమయం ముద్రపడే జియో ట్యాగ్ ఫొటో అడిగేది పని జరిగిందనడానికి సాక్ష్యంగా. కాబట్టి జియో ట్యాగ్ ఫొటోను పిల్లలు లేని సమయంలో గదికి, ట్యాంకుకు, బోర్డుకు తీయండి. పిల్లలున్న ఫొటోను వెనక నుంచి, ట్యాగ్ లేకుండా వేరే తీయండి. దాదాపు ఏ కంపెనీ అయినా దీనికి ఒప్పుకుంటుంది, కారణం చెబితే.

10. ఒప్పందం నుంచి నివేదిక దాకా

అవగాహన ఒప్పందం మీద సంతకం చేసేది మీరు కాదు, కాని ముసాయిదాను మొదట చదివేది మీరే కావచ్చు. వాయిదాలు ఏ తేదీన వస్తాయి, లోగో ఎక్కడ వాడవచ్చు, పిల్లల సమాచారం ఎవరికి ఇవ్వాలి, పని మధ్యలో ఆపితే ఏమవుతుంది అన్న నాలుగు చోట్ల గీత గీసి పై అధికారికి చూపండి. పిల్లల పేర్ల జాబితా కంపెనీకి ఇవ్వాలని ఉంటే, సంఖ్యలు మాత్రమే ఇస్తామని మార్పు కోరాలి.

డబ్బు అందిన రోజే రశీదు పంపండి. బిల్లులను నెలాఖరుకు కాకుండా వారం వారం స్కాన్ చేసి ఫైలు చేయండి. కేటాయించిన సొమ్ము ఆమోదించిన పనికే ఖర్చయిందని కంపెనీ ముఖ్య ఆర్థిక అధికారి ధ్రువీకరించాలి. డబ్బు దేనికి వాడారో చూపే మీ వినియోగ ధ్రువపత్రం ఆలస్యమైతే ఆయన సంతకం ఆగుతుంది, మరుసటి ఏడాది మీ సంస్థ పేరు జాబితాలోంచి పోతుంది.

నివేదికలో జరగనిదాన్ని కూడా రాయండి. వర్షాల వల్ల పని నెల ఆలస్యమైతే ఆ నెలే చెప్పాలి. ఒక అంశం నుంచి ఇంకో అంశానికి డబ్బు మళ్లించవలసి వస్తే ముందు రాతపూర్వక అనుమతి, తర్వాతే ఖర్చు.

11. పని ఆగినచోట ఏం చేయాలి

కంపెనీ అధికారి బదిలీ అయితే, మీ దగ్గరున్న మెయిళ్లన్నీ కలిపి ఒక పేజీ చరిత్ర రాసి కొత్తవారికి పంపండి. "మీకు ముందే చెప్పాం" అనే ధోరణి వద్దు.

స్థానిక నాయకుడు తన ఊరి బడికే ఇవ్వాలని ఒత్తిడి చేస్తే జవాబు చెప్పే బాధ్యత మీ మీద వేసుకోకండి. వచ్చిన ఫోను, సమయం, విషయం రాసి పై అధికారికి ఇవ్వండి. బడుల ఎంపికకు వాడిన ప్రమాణాల కాగితం సిద్ధంగా ఉంటే ఆ సంభాషణ వారికి తేలికవుతుంది.

కంపెనీ చివరి నిమిషంలో సంఖ్య పెంచి రాయమంటే, అంటే 200 మంది పిల్లలకు మేలు జరిగితే 500 అని రాయమంటే, రాయకండి. ఆ 200 మందికి ఎన్ని రోజులు, ఎన్ని గంటలు ఏం అందిందో వివరంగా రాసి చూపండి. చాలాసార్లు అదే పెద్ద సంఖ్య కంటే బాగా నిలుస్తుంది.

12. చివరి రెండు వారాలు: అప్పగింత

ఇంటర్న్ వెళ్లిపోయాక కంపెనీకి ఇచ్చిన మాట ఏమిటో ఎవరికీ తెలియకపోవడం ఈ విభాగంలో పెద్ద జబ్బు. దాన్ని మీతోనే ఆపవచ్చు.

• ఒక్కో కంపెనీకి ఒక్కో పేజీ: ఎవరితో మాట్లాడాం, ఏం చెప్పాం, ఏం ఒప్పుకోలేదు, తర్వాతి అడుగు ఏమిటి, ఏ తేదీకి
• వద్దనుకున్న కంపెనీల జాబితా, కారణాలతో. ఇది లేకపోతే వచ్చే ఏడాది మరో ఇంటర్న్ అదే గుమ్మం ఎక్కుతారు.
• రాబోయే ఆరు నెలల గడువు తేదీలు: నివేదికలు, వాయిదాలు, నమోదు పత్రాల పునరుద్ధరణ
• మీ ఫోనులో, ల్యాప్‌టాప్‌లో ఉన్న పిల్లల ఫొటోలు, సమ్మతి పత్రాల ప్రతులు సంస్థకు అప్పగించి, మీ దగ్గర తొలగించినట్టు రాతపూర్వక ధ్రువీకరణ. వాట్సాప్ గ్రూపుల్లో పంపినవీ ఇందులోకే వస్తాయి.
• అవసరాలు చూసి వచ్చిన ప్రతి బడికీ ఒక ఫోను. మంజూరైందో, కాలేదో, ఇంకా తెలియలేదో ప్రధానోపాధ్యాయులకు స్పష్టంగా చెప్పండి. మంజూరు కాకపోతే ఆ మాటే చెప్పి, వాళ్లు ఇచ్చిన వివరాలు ఏ ఫైలులో ఉన్నాయో, ఇకమీదట ఎవరిని అడగాలో పేరుతో సహా తెలియజేయండి.